ఆడబిడ్డ పేరు: పలుకూ వ్రాతా
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పాఠశాల 75 సంవత్సరాల చరిత్రను నాకంటె బాగా చెప్పగలవారు ఈ వేదికపై ఉన్నారు. ఉత్సవ సంఘం వారు నన్ను తల్లిదండ్రులకు పనికివచ్చే విషయం ఒకటి ఎన్నుకొని మాట్లాడమన్నారు. నేను ఎన్నుకొన్నది చూడటానికి చాల చిన్నది. ఆడపిల్లకు పెట్టిన పేరును ఎట్లా పలకాలి, ఎట్లా వ్రాయాలి అన్నదే ఆ విషయం. ప్రతి సంవత్సరం జూన్ మాసంలో, పిల్లలను చేర్చుకొనే రోజుల్లో, ఆఫీసు గది ముందు ఈ ప్రశ్న తప్పక వినిపిస్తుంది. “అయ్యా, మా పాప పేరు శారద. తమిళంలో ఒక తీరుగా పడింది, ఇంగ్లీషులో ఇంకొక తీరుగా పడింది. మీరు ఏది వ్రాసికొంటారు?” అని తల్లులు అడుగుతారు. దీనికి జవాబు ఒక్క మాటలో చెప్పటం కష్టం. అందుకే ఈనాడు తీరికగా చెప్పదలచాను.

మగపిల్లల పేర్లకు ఈ చిక్కు లేదా అని మీరు అడుగవచ్చు. ఉన్నది. కాని ఆడపిల్లల విషయంలో అది రెండు కారణాల వల్ల ఎక్కువ. మొదటిది భాషకు సంబంధించినది. స్త్రీల పేర్ల చివరి అచ్చు తెలుగులో ఒక విధంగా, కన్నడంలో ఒక విధంగా, తమిళంలో మరొక విధంగా ఉంటుంది. రెండవది లోకాచారం. పెండ్లి అయిన తరువాత ఆడపిల్ల ఇంటిపేరు మారుతుంది, ఇంటిపేరుకు బదులు ఇనిషియల్ వాడే మన ప్రాంతంలో ఆ ఇనిషియల్ మారుతుంది, ఊరు మారుతుంది. పుట్టింటి నుండి చివరిదాకా ఆమె వెంట వచ్చే సొత్తు ఆమె పేరు ఒక్కటే. ఆ ఒక్కదానినైనా చెడకుండా అప్పగించటం మన బాధ్యత.

మన హోసూరు ప్రాంతం 1956లో జరిగిన రాష్ట్రాల పునర్విభజన తరువాత కూడ మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. బెంగుళూరు ఇక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరం. ఇంట్లో తెలుగు, అంగడిలో తమిళం, పనికి పోయిన చోట కన్నడం, కాగితాల మీద ఆంగ్లం. మన ఆడపిల్ల పేరు ప్రతిరోజూ ఈ నాలుగు భాషలలో తిరిగి వస్తుంది. అందుచేత ఆ నాలుగు చోట్లా ఏమి జరుగుతున్నదో ముందు తెలిసికొందాము.

సంస్కృతంలో సీతా, రాధా, గీతా, లతా అని దీర్ఘంతో ముగిసే మాటలు తెలుగులోనికి వచ్చినపుడు చివరి దీర్ఘం హ్రస్వమవుతుంది. సీత, రాధ, గీత, లత అంటాము. లక్ష్మీ, గౌరీ, పార్వతీ అన్నవి లక్ష్మి, గౌరి, పార్వతి అవుతాయి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తత్సమ పరిచ్ఛేదం చదివిన వారికి ఇది తెలిసినదే. అదే సీతా శబ్దం కన్నడంలో సీతె, తమిళంలో సీతై అయింది. మూడు సోదర భాషలు ఒకే మాటను మూడు విధాలుగా తమవి చేసికొన్నాయి. వీటిలో ఒకటి ఒప్పు, తక్కినవి తప్పు అనటానికి వీలులేదు. అయితే తమిళులు, కన్నడిగులు మనుషుల పేర్లకు వచ్చేసరికి సీతా, గీతా అని సంస్కృతపు దీర్ఘాన్నే ఎక్కువగా ఉంచుకొన్నారు. ఇరుగుపొరుగు వారు అట్లా పిలవటం విని మన పిల్లలు కూడ తమ పేర్లను తెలుగు నోట్‌పుస్తకం మీద “గీతా”, “లతా” అని దీర్ఘం పెట్టి వ్రాసికొంటున్నారు. విడిగా వ్రాసినపుడు తెలుగుకు గీత, లత అన్నవే సహజం.

ఇక్కడ ఒక మెలకువ చెప్పాలి. అదే పేరు వెనుక మరొక మాట చేరి సమాసమైతే దీర్ఘం నిలుస్తుంది. ఉమ అంటాము; కాని ఉమాదేవి అని వ్రాయాలి. రమ, రమాదేవి, శారద, శారదాంబ, లక్ష్మి, లక్ష్మీదేవి. “ఉమదేవి”, “లక్ష్మిదేవి” అని వ్రాయటం పొరపాటు. ఇక తల్లి పెరట్లో నుండి “లక్ష్మీ!” అని దీర్ఘం తీసి పిలిస్తే అది సంబోధన. పిలుపులో దీర్ఘం ఎప్పుడూ ఉంటుంది. పిలిచినట్లే రిజిస్టరులో వ్రాయనక్కరలేదు.

ఇప్పుడు తమిళ లిపి సంగతి. మన పిల్లలలో చాలమంది పేర్లు ముందుగా ఈ లిపిలోనే కాగితానికెక్కుతాయి. తమిళంలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే అక్షరం. త, థ, ద, ధ లకు ఒక్కటే. ప, ఫ, బ, భ లకు ఒక్కటే. పలికేటప్పుడు మాట మొదట ఉంటే ఒక విధంగా, రెండు అచ్చుల మధ్య ఉంటే మరొక విధంగా పలుకుతారు. తమిళ మాటలకు ఈ ఏర్పాటు చక్కగా సరిపోతుంది. కాని మన పేర్లు ఆ లిపిలోనికి పోయినపుడు కొన్ని భేదాలు కనబడవు. సుధ అంటే అమృతం. సుత అంటే కూతురు. తమిళంలో రెంటికీ ఒకే వ్రాత, దానిని చదివితే “సుదా” అని వినిపిస్తుంది. లత “లదా” అవుతుంది, గీత “గీదా” అవుతుంది, భారతి “బారది” అవుతుంది. శారదలోని శ కు చ వర్గపు అక్షరమే వ్రాస్తారు గనుక “సారదా” అవుతుంది. జంటగా వచ్చిన హల్లుల మధ్య ఒక అచ్చు చేరుతుంది: ప్రియ “పిరియా”, కృత్తిక “కిరుత్తికా”. అమృత “అమిర్దా” అవుతుంది. హ కారం కొన్నిచోట్ల గ కారంగా వినిపిస్తుంది.

ఇది తమిళుల లోపమని మనం అనుకోరాదు. మన లిపి కూడ వారి పేర్లకు ఇదే పని చేస్తున్నది. కనిమొళి, కయల్విళి అన్న చక్కని పేర్లలో చివర వచ్చే ప్రత్యేకమైన ధ్వనికి నేటి తెలుగులో అక్షరం లేదు. ళ వ్రాసి సరిపెట్టుకొంటాము. మన ళ కారం విని ఆ ఆడపిల్లలు నొచ్చుకోవటం లేదు గదా! పొరుగు భాషవారి యాసను యాసగా మన్నించాలి. మనం కోరదగినది ఒక్కటే: యాసలో పడి మన పిల్ల తన పేరును తానే మరచిపోకూడదు. “నీ పేరేమి?” అని అడిగితే ఆమె తన తల్లి నోట విన్నట్లుగా సుధ అని ధ ఒత్తి చెప్పగలగాలి.

తమిళంలో వ్రాయించేటప్పుడు మనకొక సౌకర్యం కూడ ఉన్నది. జ, ష, స, హ, క్ష లకు గ్రంథ లిపి నుండి తీసికొన్న అక్షరాలు తమిళంలో వాడుకలో ఉన్నాయి. సరస్వతి, జయ, హేమ, ఉష వంటి పేర్లకు ఆ అక్షరాలు వేయించుకొంటే పలుకు చాలవరకు నిలుస్తుంది. దరఖాస్తు వ్రాసేవారికి ఈ మాట ముందుగా చెప్పాలి. వ్రాసిన తరువాత చెబితే ఉపయోగం లేదు.

ఆంగ్లంలో చిక్కు వేరు. ఆ లిపిలో త కు, ట కు ఒకటే అక్షరం, టీ. ఈ రెంటినీ వేరుపరచటానికి దక్షిణాదివారు ఒక ఏర్పాటు చేసికొన్నారు. ట కు టీ, త కు టీ-హెచ్. అందుకే లత పేరును మనం ఎల్, ఏ, టీ, హెచ్, ఏ అని వ్రాస్తాము. ఉత్తరాదివారు, మహారాష్ట్రులు త కు టీ ఒక్కటే వ్రాసి, టీ-హెచ్‌ను థ కు ఉంచుకొన్నారు. లతా మంగేష్కర్ గారి పేరులో హెచ్ లేకపోవటానికి కారణమిదే. మన పిల్ల పూనాకో ఢిల్లీకో పోతే అక్కడివారు ఆమె పేరు చూచి “లథా” అని పలుకుతారు. ఇదే పద్ధతిలో తమిళనాట ద కు కూడ డీ-హెచ్ వ్రాస్తారు. విద్య, దివ్య, నందిని, దర్శిని అన్న పేర్లలో డీ పక్కన హెచ్ చేరుతున్నది. ఆంధ్రలోని మన చుట్టాలు ఆ హెచ్ లేకుండా వ్రాస్తారు. శ కు ఆంధ్రదేశంలో చాలమంది ఎస్ ఒక్కటే వ్రాస్తారు. కన్నడిగులు ఎస్-హెచ్ వ్రాస్తారు. శైలజ పేరుకు చిత్తూరులో ఒక వర్ణక్రమం, బెంగుళూరులో మరొక వర్ణక్రమం. లక్ష్మి పేరును దక్షిణాన కే-ఎస్-హెచ్‌లతో వ్రాస్తే మహారాష్ట్రంలోనూ ఒడిశాలోనూ ఎక్స్ అక్షరంతో వ్రాయటం వాడుక. ఋ కారాన్ని మనము, ఒరియావారు, మరాఠీవారు రు కారానికి దగ్గరగా పలుకుతాము. హిందీవారు రి అంటారు. కనుక అమృతకు, కృత్తికకు ఆర్-యు, ఆర్-ఐ అని రెండు వ్రాతలు ఏర్పడ్డాయి. తమిళ పలుకుబడిని బట్టి కే-ఐ-ఆర్-యు అని మూడవది కూడ వచ్చింది.

వీటన్నిటికంటె పెద్ద లోపం అచ్చులది. ఆంగ్లంలోని ఏ అన్న అక్షరం మన అ కు, ఆ కు రెంటికీ వస్తుంది. ఆర్, ఏ, ఎం, ఏ అని వ్రాస్తే అది రమయో రామయో తెలియదు. లక్ష్మీదేవి పేరు పెట్టుకొన్న పిల్లను తెలియనివారు మగపిల్లవాడనుకోవచ్చు. మాలిని అంటే మాల ధరించినది. మలిని అంటే మాసినది. ఆంగ్ల వ్రాతలో రెంటికీ తేడా లేదు. ఆధార్ పత్రంలో ఆంగ్లంతోబాటు ఒక భారతీయ భాషలో కూడ పేరు ఉంటుంది గదా. అక్కడ ఆంగ్ల అక్షరాలను చూచి యంత్రం రెండవ భాషలోనికి మారుస్తుంది. నమోదు చేసే చోట నిలబడి సరిచూచుకోకపోతే రమ అక్కడ రామా అయి కూర్చుంటుంది. తెలుగు నుండి ఆంగ్లానికి, ఆంగ్లం నుండి తమిళానికి ఇట్లా రెండుసార్లు మారిన పేరులో తల్లి పెట్టిన పేరు ఎంత మిగిలి ఉంటుందో మీరే ఆలోచించండి.

ఇంతవరకు పొరుగు లిపుల సంగతి చెప్పాను. మన తెలుగులోనే మనం జాగ్రత్తపడవలసినవి కొన్ని ఉన్నాయి. నేను ఈ బడిలో తెలుగు చెప్పినవాడను గనుక వాటిని చెప్పకుండా ఉండలేను.

మొదటిది ల, ళ ల భేదం. సంస్కృతంలో కలా అన్న మాట తెలుగులో కళ అయింది. తెలుగులో కల అంటే స్వప్నం. కనుక చంద్రకళ, శశికళ, కళావతి అని ళ తో వ్రాయాలి. తమిళంలోనూ కన్నడంలోనూ శశికలా అని ల తోనే వ్రాస్తారు. వారికి అది ఒప్పు. అక్కడి వ్రాతను చూచి తెలుగులో శశికల అని వ్రాస్తే చంద్రుని కళ పోయి చంద్రుని కల వస్తుంది. కమల, విమల, నిర్మల అన్నవాటికి ల యే. సరళ, మంగళ, నళిని అన్నవాటికి మనకు ళ.

రెండవది న, ణ ల భేదం. ఈనాడు ఆడపిల్లలకు ఇష్టంగా పెడుతున్న పేర్లలో చాలవరకు ‘ని’ తోనో ‘ణి’ తోనో ముగుస్తున్నాయి. ఏది వ్రాయాలని అడిగేవారు చాలమంది. దీనికి సంస్కృత వ్యాకరణంలో ఒక సూత్రం ఉన్నది. సులభంగా చెబుతాను. పేరులో ముందు ఋ గాని, ర గాని, ష గాని ఉంటే తరువాత వచ్చే న కారం ణ అవుతుంది. అయితే మధ్యలో చ, ట, త వర్గాల అక్షరాలు గాని, ల, శ, స లు గాని అడ్డు వస్తే మారదు. అచ్చులు, క వర్గం, ప వర్గం, య, వ, హ లు అడ్డు కావు. కనుక హర్షిణి, వర్షిణి, హరిణి, తరుణి, రోహిణి, రుక్మిణి, రాగిణి, తరంగిణి, శ్రావణి అన్నవి ణ తో ఉంటాయి. ప్రియదర్శినిలో ర ఉన్నా శ అడ్డు వచ్చింది గనుక న యే. రజని, రంజని, అర్చన, రచన, కీర్తన అన్నవాటిలోనూ అంతే. నందిని, పద్మిని, మాలిని, సుహాసిని, భవాని అన్నవాటిలో ణ రావటానికి కారణమే లేదు. వాణి, వీణ, కల్యాణి అన్న మాటలు పుట్టుకతోనే ణ కలవి. ఉపాధ్యాయులు దీనిని ఒక్క గంటలో పిల్లలకు నేర్పవచ్చు. తమ తరగతిలోని పేర్లనే ఉదాహరణలుగా తీసికొంటే వ్యాకరణం భారమనిపించదు.

మూడవది ఒత్తులు. కృత్తిక అన్నది నక్షత్రం పేరు. అందులో త కు త వత్తు ఉన్నది. కృతిక అని వ్రాస్తే ఆ నక్షత్రం కాదు. నక్షత్రాన్ని బట్టి పేరు పెట్టామని చెప్పే తల్లిదండ్రులు దీనిని గమనించాలి. అట్లాగే ప్రజ్ఞ అన్న పేరు. జ్ఞ ను మనం ఒక విధంగా, హిందీవారు ‘గ్య’ కు దగ్గరగా, మరాఠీవారు ‘ద్న్య’ కు దగ్గరగా పలుకుతారు. పలుకు ఎక్కడ ఎట్లా ఉన్నా వ్రాత మాత్రం జ కింద ఞ వత్తే. పలికినట్లు వ్రాయబోయి “ప్రగ్న” అని వ్రాయరాదు.

ఇట్లా సంస్కృత సూత్రాలు చెప్పినందువల్ల సంస్కృతంలో ఉన్నదే సరియైన పేరు అని మీరు భావించవద్దు. మన పల్లెల్లో మునెమ్మ, ఎల్లమ్మ, తిమ్మక్క, చౌడమ్మ, గంగమ్మ, లచ్చుమమ్మ అని తరతరాలుగా పెట్టుకొన్న పేర్లున్నాయి. వీటికి నిఘంటువు సాక్ష్యం అక్కరలేదు. ఇంటివారి నోటి పలుకే ప్రమాణం. మునెమ్మను “మునియమ్మాళ్” అని మార్చటం ఎంత తప్పో, లచ్చుమమ్మను సంస్కరించి “లక్ష్మమ్మ” అని వ్రాయటం కూడ అంతే తప్పు. ఆమె పేరు లచ్చుమమ్మ. అది లక్ష్మమ్మకు చెడిన రూపం కాదు. గ్రామదేవత పేరో అవ్వ పేరో పెట్టుకొన్న పిల్ల బడిలో దానిని పలకటానికి సిగ్గుపడితే, ఆ సిగ్గు పోగొట్టవలసిన పని ఉపాధ్యాయునిది. హాజరు పిలిచేటప్పుడు ఆ పేరును నిండుగా, గౌరవంగా పలికితే చాలు, తరగతి అంతా అట్లాగే పలుకుతుంది.

ఇక కాగితాల సంగతి. ఇక్కడ మనస్తాపాలకంటె నష్టాలు ఎక్కువ. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టిన 21 రోజులలో జననాన్ని తెలియజేయాలి. కాని ఆనాడే పేరు చెప్పి తీరాలన్న నియమం లేదు. పేరు లేకుండానే జననం నమోదు చేయించవచ్చు. తరువాత 12 నెలలలోగా రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. అది దాటితే ఆలస్య రుసుము కట్టి 15 సంవత్సరాల వరకు చేర్చే అవకాశం నియమాలలో ఉన్నది. కనుక బారసాల కూడ కాకముందే ఆసుపత్రి వరండాలో నిలబడి, అడిగినవారికి నోటికి వచ్చిన వ్రాత చెప్పి రావలసిన తొందర ఎవరికీ లేదు. ఇంటికి వచ్చి, పెద్దలతో మాట్లాడి, మూడు లిపులలో వ్రాసి చూచుకొని, అప్పుడు వెళ్ళి వ్రాయించండి.

ఎందుకింత జాగ్రత్త అంటే, ఒకసారి పడిన నమోదును చెరిపి వ్రాయటానికి చట్టం ఒప్పదు. పొరపాటు జరిగిందని రిజిస్ట్రారుకు నమ్మకం కలిగితే అంచున సవరణ వ్రాస్తారు. అసలు నమోదు అట్లాగే ఉంటుంది. పైగా 2023లో వచ్చిన సవరణ చట్టం ఆ సంవత్సరం అక్టోబర్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఆనాటి నుండి పుట్టిన పిల్లలకు బడిలో చేరటానికి, ఓటరు జాబితాకు, డ్రైవింగ్ లైసెన్సుకు, వివాహ నమోదుకు, ప్రభుత్వోద్యోగానికి, పుట్టిన తేదీని, స్థలాన్ని రుజువు చేసే పత్రం జనన ధ్రువపత్రమే. పూర్వం బడి రిజిస్టరులో పడిన పేరు జీవితాంతం చెల్లేది. ఇకమీదట బడికి రాకముందే పేరు స్థిరపడిపోతుంది. మన రాష్ట్రంలో ఆ పత్రం తమిళంలోనూ ఆంగ్లంలోనూ ఉంటుంది. అందులో తెలుగు వ్రాతకు చోటు లేదన్న సంగతి గుర్తుంచుకోండి. దీనిని గురించి చివరలో చెబుతాను.

కొందరు సంఖ్యాశాస్త్రాన్ని బట్టి ఆంగ్లపు వ్రాతలో అక్షరాలు చేర్చటం, తీసివేయటం చేస్తున్నారు. నమ్మకాలు ఎవరివి వారివి. జయలలిత గారు 2001లో తమ పేరు ఆంగ్ల వ్రాతకు చివర మరొక ఏ చేర్చుకొన్నారు. అప్పటికి ఆమె పెద్దవారు, తమ ఇష్టప్రకారం చేసికొన్నారు, తమిళంలో వ్రాత మారలేదు. చిన్నపిల్ల విషయంలో ఆ పని చేయదలచినవారు బారసాలనాడే చేయాలి. ఎనిమిదవ తరగతిలో ఒక అక్షరం చేరిస్తే ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు, బడిలో ఒక పేరు అయి, చదువు ముగిసి ఉద్యోగానికి పోయిననాడు ఆ పిల్ల “ఈ ముగ్గురూ నేనే” అని ప్రమాణపత్రాలు వ్రాయించుకొంటూ, గెజెట్ ప్రకటన కోసం తిరుగవలసి వస్తుంది.

ఇంతకూ తల్లిదండ్రులు చేయవలసినదేమి? నాకు తోచిన వరుస చెబుతాను. ముందు పేరును తెలుగులో నిర్ణయించండి. అర్థం తెలిసికొనండి. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం మన గ్రంథాలయంలో ఉంటుంది. సందేహం ఉంటే తెలుగు ఉపాధ్యాయులను అడగండి. తరువాత తమిళంలో వ్రాసి, ఒక తమిళ పొరుగింటి అమ్మకు చూపించి, గట్టిగా చదవమనండి. కన్నడం వచ్చినవారి చేత కూడ పిలిపించి చూడండి. రెండు మూడు పేర్లు మనసులో ఉంటే, అందరి నోట ఎక్కువగా చెడకుండా నిలిచే పేరునే ఎన్నుకొనవచ్చు. వాణి, కమల, మాల, వేణి వంటి పేర్లు ఈ మూడు భాషల్లోనూ ఇంచుమించు ఒకటిగానే ఉంటాయి. అయినా సుధ, భారతి, కృత్తిక ఇష్టమైనవారు ఆ ఇష్టాన్ని వదలుకోనక్కరలేదు. ఏమి మారుతుందో తెలిసి పెట్టుకొంటే బాధ ఉండదు.

ఆ తరువాత ఆంగ్లం. ఆంగ్ల వ్రాతను పలుకుకు పూర్తిగా సరిపోయేట్లు చేయాలని శ్రమపడవద్దు. అది సాధ్యం కాదు. పిల్ల పెరిగే చోట వాడుకలో ఉన్న పద్ధతిని అనుసరించి, పొట్టిగా, అదనపు అక్షరాలు లేకుండా ఒక వ్రాత నిర్ణయించండి. మన ప్రాంతంలో త కు టీ-హెచ్ అందరికీ తెలిసినదే గనుక లతకు, శాంతకు హెచ్ ఉంచటం మంచిదని నా అభిప్రాయం. ద కు డీ-హెచ్ అక్కరలేదు. దానివల్ల విద్యకు, సుధకు ఉన్న భేదం పోతుంది. ఏది ఎన్నుకొన్నా ఒక కాగితం మీద తెలుగు, తమిళం, ఆంగ్లం మూడు వ్రాతలూ వ్రాసి, ఇనిషియల్ ముందా వెనుకనా అన్నది కూడ నిర్ణయించి, జనన ధ్రువపత్రంతోబాటు భద్రపరచండి. ఇకమీదట ఎక్కడికి పోయినా ఆ కాగితం చూచి వ్రాయించండి. ఆంగ్ల వ్రాతకు కావలసింది అందమో అర్థమో కాదు, నిలకడ.

ఇప్పటికే పేరు స్థిరపడిన పెద్దపిల్లల మాట వేరు. కాగితాలన్నీ ఒకే వ్రాతలో ఉంటే, అది తెలుగు పలుకుకు సరిపోలేదని ఇప్పుడు మార్చబోవద్దు. కాగితాలలో తేడాలుంటే పదవ తరగతి నామినల్ రోల్ పంపే ముందు సరిచూచుకొనండి. తరువాత సవరణ మరింత కష్టం. ఏ మార్పు చేసినా ముందు ఆ పిల్లను అడగండి. పేరు ఆమెది. పద్నాలుగేండ్లు ఒక వ్రాతతో పెరిగిన పిల్లకు ఆ వ్రాత మీద మమకారం ఉంటుంది.

చివరిగా మన బడి సంగతి. 2006లో వచ్చిన తమిళ బోధనా చట్టం తరువాత మన పిల్లలు ఒకటవ తరగతి నుండి తమిళం చదువుతున్నారు. ఉన్న చోటి భాష నేర్వటం మంచిదే. ఆంగ్లం ఎట్లాగూ నేరుస్తున్నారు. అయితే తన పేరు తమిళంలోనూ ఆంగ్లంలోనూ తడుముకోకుండా వ్రాసి, తెలుగులో వ్రాయమంటే ధ వ్రాయాలో ద వ్రాయాలో తెలియక ఆగిపోయే పిల్లలు మన తెలుగు ఇండ్లలోనే పెరుగుతున్నారు. జనన పత్రంలో తెలుగు లేదు. బ్యాంకు పుస్తకంలో లేదు. ఈ ఊళ్ళో ఆ పిల్ల పేరు తల్లి పెట్టిన అక్షరాలతో వ్రాసి ఉండే చోటు ఈ బడి హాజరు పట్టీ ఒక్కటే. 75 సంవత్సరాలుగా మన బడి చేసిన పనులలో ఇది కూడ ఒకటి. ఇది ఎవరి లెక్కలోనికీ రాలేదు.

కనుక ఉపాధ్యాయులకు నా విన్నపం. చేర్చుకొనే దరఖాస్తులో తెలుగు వ్రాతకు ఒక గీత విడిచి, దానిని తల్లి చేతనో తండ్రి చేతనో వ్రాయించండి. వారికి వ్రాయటం రాకపోతే వారు పలుకగా విని వ్రాయండి, ఆంగ్ల కాగితం చూచి వ్రాయవద్దు. మొదటి వారంలోనే ప్రతి పిల్లకు తన పేరు తెలుగులో వ్రాయటం, దాని అర్థం చెప్పటం నేర్పండి. బహుమతి పత్రాల మీద, నాటకాల కరపత్రాల మీద, ఈ సంచికవంటి వాటిలో ఆ వ్రాతనే వాడండి. పూర్వ విద్యార్థులకు మరొక విన్నపం. మీరు బెంగుళూరులోనో చెన్నైలోనో స్థిరపడి మీ పిల్లలను ఇతర మాధ్యమాలలో చదివించుకొంటున్నారు. అందుకు మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. మీ అమ్మాయికి తెలుగు పుస్తకం చదవటం రాకపోయినా, ఆమె పేరులోని నాలుగైదు అక్షరాలు మాత్రం మీ చేతితో దిద్దించండి. ఆ తరువాత ఎక్కువ నేర్చుకోవాలని ఆమెకు తోస్తే దారి తెలిసి ఉంటుంది.